రన్‌వే మీద పక్షులు, జంతువులు: చిన్న విమానాలు నడిపేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటి రెండు ఇంజన్ల చిన్న విమానాలు నడిపేవారికి, శిక్షణ పొందుతున్నవారికి, వాటిని కాపాడే మెకానిక్‌లకు, చిన్న విమానాశ్రయాలు చూసుకునేవారికి ఈ పేజీ. ఇక్కడి సూచనలు మీ విమానం హ్యాండ్‌బుక్‌లో ఉన్నదానికి భిన్నంగా ఉంటే హ్యాండ్‌బుక్‌నే పాటించండి.

పక్షి తగిలితే పెద్ద విమానాలకంటే చిన్న విమానాలకే ఎక్కువ ముప్పు అంటారు. ఎందుకు?

పెద్ద ప్రయాణికుల విమానాన్ని తయారు చేసేటప్పుడే పక్షి దెబ్బకు పరీక్షిస్తారు. అమెరికా నిబంధనల ప్రకారం 4 పౌండ్ల, అంటే దాదాపు 1.8 కిలోల పక్షి క్రూయిజ్ వేగంలో గుద్దినా ఆ విమానం క్షేమంగా దిగగలగాలి. తోక భాగానికైతే 8 పౌండ్ల పక్షి లెక్క. మనం నడిపే సింగిల్ ఇంజన్ పిస్టన్ విమానాల్లో చాలావాటికి ఇలాంటి పరీక్షే లేదు. ముందు అద్దం కొన్ని మిల్లీమీటర్ల మందం ఉన్న అక్రిలిక్ పలక. అది గాలినీ వాననూ ఆపడానికి పెట్టింది, పక్షిని ఆపడానికి కాదు.

లెక్క వేసి చూడండి. 1.8 కిలోల పక్షి 100 నాట్ల (గంటకు దాదాపు 185 కిలోమీటర్ల) వేగంలో తగిలితే ఆ దెబ్బ శక్తి సుమారు 2,400 జౌళ్లు. 80 కిలోల బస్తా 3 మీటర్ల ఎత్తునుంచి పడ్డంత. పైగా ఆ శక్తి అంతా అరచేతంత చోటు మీద పడుతుంది. అదే పక్షి 60 నాట్ల దగ్గర తగిలితే శక్తి 860 జౌళ్లకు పడిపోతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది. పక్షులు ఉన్నచోట వేగం తగ్గించమని చెప్పేది ఇందుకే.

ఇంకో సంగతి, చిన్న విమానాశ్రయం తీరు. చాలాచోట్ల కంచె ఉండదు, టవర్ ఉండదు, రాత్రి మనుషులు ఉండరు. గంటకు ఒకటి రెండు విమానాలే వస్తాయి కాబట్టి జంతువులకు ఆ స్థలం నిశ్శబ్దమైన మేతభూమి. విమానం దిగేది ఆ మేతభూమి మధ్యలోనే.

ఏ ఎత్తులో, ఏ వేళల్లో ఎక్కువ జాగ్రత్త పడాలి?

నమోదైన పక్షి ఢీలలో 90 శాతానికి పైగా నేలకు 3,000 అడుగుల లోపే జరుగుతాయని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్లకు చెబుతుంది. అంటే టేకాఫ్, తొలి క్లైంబ్, సర్క్యూట్ (దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే దారి), అప్రోచ్. శిక్షణ విమానాలు రోజంతా ఉండేది ఈ ఎత్తుల్లోనే.

వేళల విషయానికొస్తే, తెల్లవారుజామున, సూర్యాస్తమయానికి అటూ ఇటూ పక్షులు గూళ్లనుంచి మేతకు, మేతనుంచి గూళ్లకు కదులుతాయి. జింకలు, నక్కలు కూడా ఆ మసక వెలుతురులోనే బయటికి వస్తాయి. మధ్యాహ్నం ఎండ బాగా కాసినప్పుడు గద్దలు, రాబందులు పైకి లేచే వేడిగాలి మీద గుండ్రంగా తిరుగుతూ సర్క్యూట్ ఎత్తుకు చేరతాయి. మధ్యాహ్నం ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. అప్పుడది నేలమీదినుంచి పైకి మారుతుంది, అంతే. వలస కాలాల్లో, పిల్లలు గూడు దాటి ఎగరడం నేర్చుకునే వారాల్లో అనుభవం లేని పక్షులు విమానాన్ని తప్పించుకోలేవు.

జంతువులు రన్‌వే మీదికే ఎందుకు వస్తాయి?

కారణం లేకుండా ఏ ప్రాణీ అక్కడికి రాదు. కారణం తెలిస్తే ఎప్పుడు వస్తుందో కూడా తెలుస్తుంది.

వాన పడ్డ రాత్రి వానపాములు నేలలోనుంచి లేచి రన్‌వే మీదికి పాకుతాయి. తెల్లారేసరికి వాటికోసం పక్షుల గుంపు దిగుతుంది. తొలకరి తర్వాత ఉసిళ్లు లేస్తే గద్దలు, పిచ్చుకలు, కాకులు గాలిలోనే వాటిని అందుకుంటూ తిరుగుతాయి. గడ్డి కోసిన రోజు ఎలుకలు, మిడతలు దాపు లేక బయటపడతాయి కాబట్టి గద్దలకు, కొంగలకు పండగ. అందుకే గడ్డి కోత జరుగుతోందని రేడియోలో వింటే దాన్ని పక్షుల హెచ్చరికగానే తీసుకోవాలి.

రన్‌వే పగలంతా వేడెక్కి రాత్రి మెల్లగా చల్లారుతుంది. ఆ వెచ్చదనానికి పాములు వచ్చి పడుకుంటాయి, కుక్కలు కూడా. తీతువులాంటి నేల పక్షులకు రన్‌వే అంచున ఉన్న కంకర, పొట్టి గడ్డి గుడ్లు పెట్టడానికి అనువైన చోటు. చుట్టూ దూరందాకా కనబడుతుంది కాబట్టి శత్రువు వస్తే ముందే తెలుస్తుంది. మురుగు నిలిచిన గుంత, చెత్తకుప్ప, క్యాంటీన్ వెనక పారేసిన ఎంగిలి, పక్క పొలంలో గింజ పంట, ఇవన్నీ రోజూ పిలుపులే. 1973లో అట్లాంటా దగ్గరి పీచ్‌ట్రీ-డికాల్బ్ విమానాశ్రయంలో టేకాఫ్ అయిన లియర్‌జెట్ ఇంజన్లలోకి కౌబర్డ్ పక్షులు దూరి, విమానం కూలి అందులోని ఏడుగురూ చనిపోయారు. ఆ పక్షులను రప్పించింది పక్కనే ఉన్న చెత్త డంపు.

అన్నిటికంటే ప్రమాదకరమైన జంతువు ఏది?

రెండు సంగతులు చూడాలి: ఒక్కోదాని బరువు, గుంపు సైజు. బరువులో జింక జాతులను మించినవి తక్కువ. అమెరికా లెక్కల్లో తెల్లతోక జింక అత్యంత ప్రమాదకర జాతుల్లో పైన ఉంటుంది. రెక్కకు తగిలితే అందులో ఇంధనం ఉంటుంది, చక్రాన్ని మోసే కాడికి తగిలితే అది విరుగుతుంది, ప్రొపెల్లర్‌కు తగిలితే ఇంజన్ ఒక్కసారిగా ఆగుతుంది. పశువులు, అడవిపందులు, ఊరకుక్కలు ఇదే వరుసలోవి.

చిన్న పక్షులను తక్కువగా చూడొద్దు. 1960 అక్టోబరు 4న బోస్టన్‌లో లాక్‌హీడ్ ఎలక్ట్రా విమానం గోరింక జాతికి చెందిన స్టార్లింగ్‌ల గుంపులోకి దూరి కూలింది, 62 మంది చనిపోయారు. బరువైన పక్షుల సంగతికి 2008 మార్చి 4 చాలు: ఓక్లహోమా సిటీలోని వైలీ పోస్ట్ విమానాశ్రయంనుంచి లేచిన చిన్న సైటేషన్ జెట్‌కు పెలికాన్‌లు తగిలి ఐదుగురు మరణించారు.

కుందేలు, ఉడుత, ఎలుక విమానాన్ని పెద్దగా ఏమీ చేయవు. వాటికోసం వచ్చే గద్ద, నక్క చేస్తాయి.

విమానం ఆగి ఉన్నప్పుడు ఏం ప్రమాదం? ప్రీఫ్లైట్‌లో (ఎగిరే ముందు తనిఖీలో) ఏం వెతకాలి?

చిన్న విమానాలకు ఇది పెద్ద భాగం. ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది కూడా ఇదే.

ముందు ఇంజన్ కౌలింగ్, అంటే ఇంజన్‌ను కప్పే రేకు మూత. గోరింకలాంటి పక్షులు కొద్ది గంటల్లోనే అందులో గూడు నింపేయగలవు. ఉదయం ఎగిరి, మధ్యాహ్నం దిగి, సాయంత్రం మళ్లీ వెళ్లాలంటే మళ్లీ చూడాల్సిందే. గాలి వచ్చే రంధ్రంనుంచి టార్చి వేసి చూస్తే సిలిండర్ల ముందు భాగమే కనబడుతుంది. గూడు వెనక, బ్యాఫిల్‌ల (గాలిని సిలిండర్లకు మళ్లించే రేకుల) మాటున ఉండొచ్చు. చిన్న అద్దం చేతిలో పెట్టుకుని ఆయిల్ తలుపులోనుంచి కూడా చూడండి. ఒక్క గడ్డిపోచ, నేలమీద రెట్ట మరక, కౌలింగ్ అంచున ఈక కనబడితే పైకప్పు విప్పాల్సిందే. చేతికి అందినంత లాగేసి చాలనుకోవద్దు. మిగిలిన ఎండుగడ్డి ఎగ్జాస్ట్ పైపుకు తగిలి అంటుకుంటుంది, లేదా చల్లబరిచే గాలిని అడ్డుకుని సిలిండర్ వేడెక్కుతుంది.

తర్వాత పిటో ట్యూబు, అంటే వేగం కొలవడానికి ఎదురుగాలిని పట్టే చిన్న గొట్టం. మట్టిగూడు కట్టే కందిరీగలు ఇంత చిన్న రంధ్రాన్నే వెతుక్కుంటాయి. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ తీరంలో కూలిన బిర్గెన్‌ఎయిర్ బోయింగ్ 757లో 189 మంది చనిపోయారు. పిటో ట్యూబు మూసుకుపోవడానికి కారణం బహుశా కందిరీగ గూడే అని దర్యాప్తు తేల్చింది. ఆ విమానం పిటో కవరు లేకుండా నిలబడి ఉంది. పిటో మూసుకుపోతే టేకాఫ్ పరుగులో స్పీడు ముల్లు కదలదు, లేదా ఆలస్యంగా కదులుతుంది. అందుకే పరుగు మొదట్లోనే ముల్లు లేచిందో లేదో పలికి మరీ చూడాలి, లేవకపోతే వెంటనే ఆపేయాలి. ట్యూబు రంధ్రం, దాని నీటి రంధ్రం రెండూ మూసుకుపోతే ఇంకో చిక్కు: ఎక్కుతుంటే ముల్లు ఎక్కువ చూపిస్తుంది, దిగుతుంటే తక్కువ. పైలట్ వేగం పెరిగిందనుకుని ముక్కు ఎత్తి స్టాల్‌లోకి (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితిలోకి) వెళ్తాడు. మట్టి కనబడితే నోటితో ఊదొద్దు, వైరుతో పొడవొద్దు. మెకానిక్ లోపలి గొట్టాన్ని మీటరునుంచి విడదీసి శుభ్రం చేయాలి.

ఇంధన ట్యాంకు వెంట్ గొట్టాలకూ ఇదే ముప్పు. వెంట్ మూసుకుపోతే ట్యాంకులోకి గాలి రాదు, ఇంధనం దిగడం ఆగి ఇంజన్ చస్తుంది. మీటర్లకు బయటి గాలి పీడనాన్ని అందించే స్టాటిక్ రంధ్రాలు, స్టాల్ హెచ్చరిక రంధ్రం కూడా చూడండి.

తోకలో, రెక్క చివర్లలో, ఎలివేటర్ (ముక్కును ఎత్తే, దించే తోక పలక) కొమ్ము దగ్గర ఉన్న సందుల్లో పక్షులు దూరుతాయి. అక్కడ కంట్రోల్ కేబుళ్లు, పుల్లీలు ఉంటాయి. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి, లాగి, నెట్టి చూడండి. ఎక్కడైనా పట్టినట్టుంటే, గరగర వినిపిస్తే విప్పి చూసేదాకా ఎగరొద్దు. తోకలో గూడు బరువు సెంటర్ ఆఫ్ గ్రావిటీని కూడా వెనక్కి జరుపుతుంది. క్యాబిన్‌లో, సీట్ల కింద ఎలుక పెంటికలు కనబడితే వైర్ల ఇన్సులేషన్ కొరికిందేమో చూడాలి. ఎలుక మూత్రం అల్యూమినియంను తినేస్తుంది, కార్పెట్ కింద ఆ తుప్పు నెలల తరబడి ఎవరికీ కనబడదు.

ఇంజన్ పూర్తిగా చల్లారకముందే కౌల్ ప్లగ్‌లు (కౌలింగ్ రంధ్రాలను మూసే బిరడాలు) పెట్టొచ్చా అని అడుగుతుంటారు. వేడిని తట్టుకునే రకమైతే పెట్టొచ్చు. మామూలు స్పాంజి ప్లగ్ అయితే చల్లారనిచ్చి పెట్టండి. ప్రతి ప్లగ్‌కూ, ప్రతి కవరుకూ ఎర్రటి పొడవైన రిబ్బను ఉండాలి, కాక్‌పిట్‌లోనుంచి కనబడేటట్టు.

రన్‌వే మీదికి వెళ్లే ముందు ఏం చేయాలి?

ఏటిస్‌లోనో (విమానాశ్రయం రేడియోలో వినిపించే రికార్డు సమాచారం), నోటామ్‌లోనో (పైలట్లకు ఇచ్చే నోటీసు) "చుట్టుపక్కల పక్షులు ఉన్నాయి" అని రోజూ వినపడి చెవికి అలవాటైపోతుంది. దాన్ని నమ్ముకోకుండా మీ కళ్లతో చూడాలి.

రన్‌వేలోకి వెళ్లేముందు ఆగే హోల్డ్ పాయింట్ దగ్గర విమానాన్ని కొంచెం అటూ ఇటూ తిప్పి, రన్‌వే పొడవంతా, రెండు వైపుల గడ్డీ, చివరనున్న చెట్లూ చూడండి. టవర్ లేని చోట, ఖాళీగా ఉంటే రన్‌వే మీదుగా చివరిదాకా టాక్సీ చేసి వెనక్కి తిరిగి టేకాఫ్ చేయడం మంచి అలవాటు. ఆ టాక్సీయే ఒక తనిఖీ అవుతుంది. గుంపు కనబడితే ఆగండి. ఇంజన్ శబ్దానికి లేచి వెళ్తాయిలే అని వాటివైపు పరిగెత్తొద్దు. లేస్తాయి నిజమే, కానీ మీరు చేరే వేళకే లేస్తాయి. టవర్ ఉంటే వాహనం పంపమని అడగండి. లేకుంటే పది నిమిషాలు ఆగినా పోయేదేం లేదు.

టేకాఫ్ పరుగులో పక్షులు లేచాయి. ఆపాలా, కొనసాగించాలా?

నేల విడిచే వేగానికి చాలా దిగువన ఉండి, ముందు రన్‌వే మిగిలి ఉంటే ఆపండి. థ్రాటిల్ మూసి, తిన్నగా వెళ్తూనే బ్రేకు వేయండి. వేగం అందుకున్నాక, చక్రాలు లేస్తున్న క్షణంలో పక్షి తగిలితే, ఇంజన్ బలం ఇస్తోంటే ఎగరడమే ఎక్కువసార్లు సరైన దారి. మిగిలిన రన్‌వే సరిపోతుందని తెలిస్తేనే తిరిగి దిగాలి. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడో టేకాఫ్‌కు ముందే బ్రీఫింగ్‌లో నిర్ణయించుకోండి. 50 నాట్ల దగ్గర విమానం సెకనుకు 26 మీటర్లు పోతుంది, ఆలోచించుకునే తీరిక ఉండదు.

పక్కకు తిప్పి తప్పించుకోవాలని చూడొద్దు. రన్‌వే దాటి గుంతలోకి వెళ్లడం కొంగ తగలడంకంటే ఘోరం.

దిగుతున్నప్పుడు రన్‌వే మీద జింకో కుక్కో కనబడితే?

ఇంకా గాలిలో ఉంటే గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి వెళ్లడం. అనుమానం ఉన్నా గో-అరౌండే. జంతువు పక్కకు పరిగెత్తింది కదా అని దిగొద్దు. జింక ఒక్కటే ఉండదు, వెనక రెండోది వస్తుంది, మొదటిది భయంతో వెనక్కి కూడా తిరుగుతుంది. రన్‌వే మీదుగా సురక్షితమైన ఎత్తులో ఒక పాస్ చేసి జంతువులను చెదరగొట్టి, మళ్లీ సర్క్యూట్ తిరిగి దిగడం చాలాచోట్ల చేసే పని. అది నిబంధనలకు లోబడి, రేడియోలో చెప్పి, మామూలు గో-అరౌండ్‌లా చేయాలి. భయపెట్టడానికి కిందికి దూకడం కాదు.

చక్రాలు నేల మీద ఉన్నాక ఎదురైతే తిన్నగా వెళ్తూనే గట్టి బ్రేకు. ఇక తప్పదు అనిపిస్తే ప్రొపెల్లర్, ముందు చక్రం మీద పడకుండా చిన్న మలుపు చాలు, పెద్ద మలుపు వద్దు. తగిలాక విమానం ఆగగానే మిక్స్చర్ లివరుతో ఇంజన్ ఆపడం, ఇంధన వాల్వు మూయడం, మాస్టర్ స్విచ్ ఆఫ్, దిగిపోవడం. రెక్కలోనుంచి ఇంధనం కారుతోందన్న అనుమానంతోనే పనిచేయండి. 2001 జనవరిలో అలబామాలోని ట్రాయ్‌లో లియర్‌జెట్ 60 దిగుతూ జింకలను గుద్దింది. ఆ దెబ్బకు రివర్సర్లు (ఆపడానికి ఇంజన్ తోపును ముందుకు మళ్లించేవి) మూసుకుపోయి ఇంజన్లు విమానాన్ని ముందుకే నెట్టాయి, రన్‌వే దాటిపోయి మంటలు లేచాయి. జంతువు తగిలాక విమానంలో ఏది పనిచేస్తుందో ఏది చేయదో చెప్పలేం.

గాలిలో ఎదురుగా గుంపు వస్తే పైకి వెళ్లాలా, కిందికా?

పైకి. బెదిరిన పక్షులు రెక్కలు ముడిచి కిందికి జారతాయి, గుంపులో ముందున్నవి ఎక్కువగా పైన ఉంటాయి. కానీ పైకి అంటే మెల్లగా, వేగం ఉన్నంతవరకే. టేకాఫ్ తర్వాత తక్కువ వేగంలో ఉండి స్టిక్ ఒక్కసారిగా లాగితే స్టాల్ అవుతారు. ఆ ఎత్తులో స్టాల్ అంటే ప్రాణం పోయినట్టే, పక్షి తగిలితే మాత్రం బతికే అవకాశం చాలా ఎక్కువ.

అద్దం పగిలి పక్షి లోపలికి వస్తే?

మొదట విమానాన్ని నడపండి. గాలి హోరుకు రేడియో వినపడదు, కాగితాలు ఎగురుతాయి, ముఖం మీద రక్తం పడితే అది మీదో పక్షిదో వెంటనే తెలియదు. వేగం తగ్గించి, ప్యానెల్ చాటుకు కొంచెం వంగండి. అద్దం పోయిన విమానానికి డ్రాగ్ పెరుగుతుంది, ఎత్తు నిలుపుకోవడానికి ఎక్కువ పవర్ పడుతుంది. రెక్కకు, తోకకు దెబ్బ తగిలిందేమో తెలియదు కాబట్టి, ఎత్తు ఉంటే అక్కడే మెల్లగా అప్రోచ్ వేగానికి తెచ్చి కంట్రోళ్లు ఎలా ఉన్నాయో చూసుకోండి. ఏ వేగం దగ్గర వణికిందో దానికంటే ఎక్కువలోనే దిగండి. ఫ్లాప్‌లు కొంచెం కొంచెంగా దించండి.

సర్క్యూట్‌లో ఎప్పుడూ కళ్లద్దాలు పెట్టుకోవడం, చలువ అద్దాలైనా సరే, కళ్లను కాపాడుతుంది.

ల్యాండింగ్ లైట్లు వేస్తే పక్షులు తప్పుకుంటాయా?

కొన్ని జాతులు కొంచెం ముందే గమనిస్తాయి. అన్నీ కాదు. నష్టం లేదు కాబట్టి పగలు కూడా వేయండి, కానీ దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

పక్షి తగిలింది, అంతా బాగానే ఉంది. మళ్లీ ఎగరొచ్చా?

మెకానిక్ చూసేదాకా వద్దు. చర్మానికి చిన్న సొట్ట, దాని వెనక రిబ్ పగిలి ఉండొచ్చు. గాలి ఫిల్టర్‌లో ఈకలు, ఆయిల్ కూలర్ ముందు మాంసం ముక్కలు, పిటోలో రక్తం ఉంటాయి. ప్రొపెల్లర్‌కు బరువైనది తగిలి ఇంజన్ ఆగినా, తిరుగుడు తగ్గినా అది ప్రొపెల్లర్ స్ట్రైక్ కిందే లెక్క. లైకమింగ్ ఇంజన్లకు ఇందుకు సర్వీస్ బులెటిన్ 533 ఉంది. బయటికి బ్లేడు వంగకపోయినా లోపల క్రాంక్‌షాఫ్ట్ గేరు దగ్గర దెబ్బ తగలొచ్చు, అది కొన్ని గంటల తర్వాత గాలిలో బయటపడుతుంది.

తగిలిన పక్షి ఏదో తెలియకపోతే? ఎవరికి చెప్పాలి?

ప్రతి ఢీనీ మీ దేశపు విమానయాన సంస్థకు తెలపండి, నష్టం లేకపోయినా. దేశాలు పంపిన వివరాలను అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ఐబిస్ అనే వ్యవస్థలో చేరుస్తుంది. తేదీ, సమయం, రన్‌వే, ఎత్తు, వేగం, విమానం ఏ దశలో ఉంది, ఎక్కడ తగిలింది, ఎన్ని కనబడ్డాయి, ఇవి రాయాలి.

ఆనవాళ్లు సేకరించేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. ఈకలను కత్తిరించొద్దు, మొదలుతో సహా మొత్తం ఈకలు రకరకాలవి కాగితంలో చుట్టండి. రక్తం మరకే ఉంటే ఆల్కహాల్ తడిపిన కాగితంతో తుడిచి భద్రపరచండి. బ్లీచ్ వాడితే డీఎన్‌ఏ పాడవుతుంది. అమెరికాలో స్మిత్‌సోనియన్ ఈకల ప్రయోగశాల ఇలాంటి ఆనవాళ్లనుంచే జాతి చెబుతుంది. జాతి తెలియడం ఎందుకంటే, పురుగులు తినే పక్షికి ఒక ఉపాయం, చెత్త తినే పక్షికి ఇంకో ఉపాయం.

తక్కువ ఖర్చుతో చిన్న విమానాశ్రయం ఏం చేయగలదు?

ముందు తిండి, నీరు, దాపు తీసేయాలి. చెత్త డబ్బాలకు మూతలు, క్యాంటీన్ ఎంగిలికి రోజూ తొలగింపు, హ్యాంగర్ దూలాల కింద వల. వాననీరు నిలిచే గుంతలు పూడ్చండి. తప్పనిసరి చెరువైతే వాన ఆగాక 48 గంటల్లో ఎండేటట్టు కట్టాలని ఎఫ్‌ఏఏ సూచన. చెత్త డంపులు, చెరువులలాంటివి పిస్టన్ విమానాలు తిరిగే చోటునుంచి 5,000 అడుగులు, టర్బైన్ (జెట్, టర్బోప్రాప్) విమానాలైతే 10,000 అడుగుల దూరం ఉండాలని కూడా అదే సంస్థ చెబుతుంది.

గడ్డి ఎంత ఎత్తు ఉండాలన్నది స్థానిక పక్షులను బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంచే పద్ధతి ఉంది, నేల పక్షులకు చుట్టూ కనబడక అసౌకర్యం. కానీ అదే గడ్డిలో ఎలుకలు పెరిగితే గద్దలు వస్తాయి. ఒక సీజను గమనించి నిర్ణయించండి. గింజ పట్టేదాకా మాత్రం ఎప్పుడూ వదలొద్దు.

గ్యాస్ ఫిరంగులు, టపాసులు, లేజర్ పనిచేస్తాయి, కొద్దికాలమే. ఒకే చోట ఒకే వేళకు పేలే ఫిరంగి పక్కనే పక్షులు కూర్చోవడం మామూలే. చోటు, వేళ, శబ్దం మార్చుతూ ఉండాలి. చంపడమైతే అటవీ, వన్యప్రాణి చట్టాల అనుమతి లేకుండా ఎక్కడా చేయకూడదు. పైగా తిండి అక్కడే ఉంటే ఆ ఖాళీని వారంలో ఇంకోటి నింపుతుంది.

కంచె ఎలాంటిదైతే జింక, కుక్క ఆగుతాయి?

జింకలు ఉన్నచోట ఎఫ్‌ఏఏ సూచించేది 10 నుంచి 12 అడుగుల గొలుసు వల కంచె, పైన బయటికి వాలిన మూడు వరుసల ముళ్లతీగ. తవ్వి దూరే జంతువులకోసం కంచె అడుగున 4 అడుగుల వలను 45 డిగ్రీల వాలులో బయటివైపు పూడ్చాలి. గేటు కింద సందు 6 అంగుళాలకు మించకూడదు. ఆచరణలో కంచె విఫలమయ్యేది గేటు దగ్గర, కాలువ కంచెను దాటే చోట. కాలువకు ఇనుప కమ్మీలు వేసి, వరద తర్వాత చెత్త తట్టుకుని వంగాయేమో చూడాలి.

కంచె పూర్తిగా లేకపోతే ఉన్న ముక్క కొన్నిసార్లు కీడు చేస్తుంది: లోపలికి వచ్చిన జంతువుకు బయటికి దారి దొరక్క రన్‌వే వెంటే పరిగెడుతుంది. వారానికొకసారి కంచె వెంట నడవండి, వెంట్రుకలు చిక్కుకున్న చోటు, అడుగు జాడ, తాజా తవ్వకం కనబడితే అదేరోజు పూడ్చండి.

రన్‌వే తనిఖీ ఎప్పుడు, ఎలా?

తెల్లవారగానే మొదటి విమానానికి ముందు, సూర్యాస్తమయానికి ముందు, రాత్రి విమానం ఉంటే దానికి పావుగంట ముందు. వాహనంలో రన్‌వే మధ్యలో కాకుండా ఒక అంచున వెళ్లి రెండో అంచున తిరిగి రండి, అప్పుడు గడ్డిలో పడుకున్నవి లేస్తాయి. చచ్చిన పక్షో ఎలుకో కనబడితే తీసేయాలి, లేకపోతే దాన్ని తినడానికి గద్ద వస్తుంది. ఏం కనబడింది, ఎక్కడ, ఎన్ని, ఏం చేస్తున్నాయి అన్నది ఒక పుస్తకంలో రాయండి. ఏమీ కనబడకపోతే అదీ రాయండి. ఏడాది పుస్తకం చేతిలో ఉంటే ఏ నెలలో ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ వారంలో తీతువులు గుడ్లు పెడతాయో ముందే తెలిసి, పైలట్లకు నోటామ్ సరైన చోటు పేరుతో ఇవ్వొచ్చు: "రన్‌వే తూర్పు చివర, ఉత్తరపు గడ్డిలో, ఉదయం 6 నుంచి 8 దాకా కొంగల గుంపు."